నకిలీ సామర్థ్యపు పెన్‌డ్రైవ్‌లు

నిర్వచనం, పరిధి

లోపలి మెమరీ చిప్‌లో ఉన్న చోటు కొంతే అయినా, పైముద్ర మీదా కంప్యూటర్ తెర మీదా దానికి ఎన్నో రెట్లు కనిపించేలా తయారుచేసిన యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌ను నకిలీ సామర్థ్యపు పెన్‌డ్రైవ్ అంటారు. బజారులో దీన్ని 'డూప్లికేట్' అనో 'లోకల్ మాల్' అనో అంటారు. 8 జీబీ చిప్ ఉన్నదాన్ని 64 జీబీగానో, 32 జీబీ దాన్ని 1 టీబీ, 2 టీబీగానో అమ్మడం తరచు కనిపించే రూపం. కంపెనీ పేరు దొంగిలించి ముద్రించిన ప్రతి డ్రైవూ ఈ కోవలోకి రాదు. పేరు దొంగదై సామర్థ్యం నిజమైనవి ఉంటాయి, ఏ పేరూ లేకుండా సామర్థ్యం మాత్రమే అబద్ధమైనవీ ఉంటాయి. ఈ వ్యాసం సామర్థ్యం విషయంలో జరిగే మోసానికే పరిమితం. మైక్రోఎస్‌డీ కార్డులు, 'పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ' పేరుతో అమ్మే పెట్టెల్లో జరిగేదీ ఇదే మోసం కనుక అవసరమైన చోట వాటి ప్రస్తావన ఉంటుంది.

ఈ మోసం వెంటనే బయటపడదు. కొన్న రోజున డ్రైవ్ బాగానే పనిచేస్తుంది. ఫైళ్లు ఎక్కుతాయి, పేర్లు కనిపిస్తాయి, ముందు ఎక్కించినవి తెరుచుకుంటాయి కూడా. అసలు చిప్ నిండి, ఆపైన ఎక్కించినవాటిని మళ్లీ తెరవబోయే దాకా కొన్నవారికి ఏమీ తెలియదు. అప్పటికి బిల్లు పోయి ఉంటుంది, వెనక్కి ఇచ్చే గడువు దాటి ఉంటుంది.

చరిత్ర

ఫ్లాష్ మెమరీని 1980లలో జపాన్‌లోని తొషిబా సంస్థలో ఫుజియో మసువోకా కనిపెట్టారు. నేటి పెన్‌డ్రైవ్‌లకు ఆధారమైన నాండ్ రకం 1987లో వెలుగులోకి వచ్చింది. యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996 నాటిది. ఆ రెండిటినీ కలిపిన చిన్న కడ్డీ 2000లో అమ్మకానికి వచ్చింది. సింగపూర్‌కు చెందిన ట్రెక్ 2000 సంస్థ 'థంబ్‌డ్రైవ్' పేరుతోనూ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ తయారుచేసిన 'డిస్క్ ఆన్ కీ'ని ఐబీఎం సంస్థ తన పేరుతోనూ అమ్మాయి. ఐబీఎం అమ్మిన దాని సామర్థ్యం 8 ఎంబీ. 1.44 ఎంబీ ఫ్లాపీల కాలంలో అదే చాలా ఎక్కువ.

2000ల దశకం రెండో సగానికి జీబీల్లో డ్రైవ్‌లు వచ్చాయి. ఆన్‌లైన్ వేలం వేదికల మీద నకిలీలు పోటెత్తినదీ ఆ రోజుల్లోనే. వాటిని పట్టుకునే పనిముట్లు కూడా ఆ వెంటే పుట్టాయి. జర్మనీ కంప్యూటర్ పత్రిక 'సీటీ' తరఫున హరాల్డ్ బోగెహోల్జ్ 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' రాశారు. మిషెల్ మచాడో లినక్స్ కోసం 'ఎఫ్3' రాశారు. పేరులోని మూడు ఎఫ్‌లు ఫ్లాష్ మోసంతో పోరాటానికి గుర్తు.

2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో, 'బన్నీ' అనే పేరుతో ప్రసిద్ధుడైన ఆండ్రూ హువాంగ్, తన సహచరుడితో కలిసి, మెమరీ కార్డును లోపలి నుంచి నడిపే కంట్రోలర్‌ను బయటివారు తిరిగి ప్రోగ్రామ్ చేయవచ్చని నిరూపించారు. 2014లో కార్‌స్టెన్ నోల్, జాకబ్ లెల్ అనే పరిశోధకులు 'బ్యాడ్‌యూఎస్‌బీ' పేరుతో పెన్‌డ్రైవ్ కంట్రోలర్ విషయంలోనూ అదే చూపారు. కడ్డీ లోపల ఉన్నది ఉత్త గోదాము కాదనీ, చెప్పినట్టు మాట మార్చగల చిన్న కంప్యూటర్ అనీ ఈ రెండు ప్రదర్శనలతో అందరికీ అర్థమైంది.

2022 ఆగస్టులో ఆన్‌లైన్‌లో '30 టీబీ ఎస్‌ఎస్‌డీ'గా అమ్మిన ఒక పెట్టెను ఒక భద్రతా పరిశోధకుడు విప్పి చూస్తే, బోర్డు మీద జిగురుతో అతికించిన రెండు 512 ఎంబీ మైక్రోఎస్‌డీ కార్డులు బయటపడ్డాయి. 2024లో జర్మనీకి చెందిన డేటా రికవరీ సంస్థ సీబీఎల్, తమ దగ్గరకు వస్తున్న చెడిపోయిన పెన్‌డ్రైవ్‌లలో నాసిరకం చిప్‌లు పెరిగాయని ప్రకటించింది. వాటిలో కొన్ని చిప్‌ల మీద తయారీ కంపెనీ గుర్తు చెరిపేసి ఉంది.

నిర్మాణం, పనితీరు

పెన్‌డ్రైవ్‌లో ముఖ్యమైనవి రెండే భాగాలు: సమాచారం నిలిచే నాండ్ చిప్, దాన్ని నడిపే కంట్రోలర్. కంప్యూటర్‌కు నాండ్ చిప్‌తో నేరుగా సంబంధం లేదు. అది అడిగేదీ వినేదీ కంట్రోలర్‌నే. డ్రైవ్ గుచ్చగానే 'నీలో ఎంత చోటు ఉంది' అనే ఆదేశం వెళ్తుంది. కంట్రోలర్ చివరి సెక్టారు సంఖ్య, ఒక్కో సెక్టారు పరిమాణం చెబుతుంది. సెక్టారుకు 512 బైట్ల లెక్కన 64 జీబీ అంటే 12 కోట్ల 50 లక్షల సెక్టార్లు. విండోస్ 'ప్రాపర్టీస్'లో కనిపించే అంకె ఈ జవాబు నుంచి పుట్టిందే. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ కొలిచి చూసుకోదు. పరీక్షించే పద్ధతులన్నిటికీ మూలం ఈ ఒక్క విషయమే: తెర మీది అంకె డ్రైవ్ తన గురించి తాను చెప్పుకున్న మాట, అంతే.

కంట్రోలర్ చేత ఏం చెప్పించాలో ఫ్యాక్టరీలో నిర్ణయిస్తారు. ఫైసన్, సిలికాన్ మోషన్, ఆల్కార్, చిప్స్‌బ్యాంక్ వంటి కంట్రోలర్ తయారీదారులు తమ చిప్‌లను సిద్ధం చేయడానికి ఫ్యాక్టరీలకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఇస్తారు. నాండ్‌లో చెడిపోయిన బ్లాకులను పక్కకు పెట్టడం, మిగిలిన చోటును సరిగ్గా ప్రకటించడం, కంపెనీ పేరు రాయడం దాని అసలు పని. అదే సాఫ్ట్‌వేర్ మోసగాళ్ల చేతికి చిక్కితే సామర్థ్యం గడిలో ఇష్టమొచ్చిన అంకె వేస్తారు. చిప్ మార్చనక్కర్లేదు, టంకం పెట్టనక్కర్లేదు.

తప్పుడు సామర్థ్యం ఉన్నా ఫైళ్ల పేర్లు ఎలా కనిపిస్తున్నాయన్నది చాలామందికి కలిగే సందేహం. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ వ్యవస్థల్లో ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టిక డ్రైవ్ మొదట్లో ఉంటుంది. ఫోల్డర్ల జాబితాలు కూడా ఎక్కువగా మొదటి భాగంలోనే పడతాయి. ఆ భాగం నిజమైన చిప్‌లోనే ఉంటుంది కాబట్టి పేరు, తేదీ, సైజు అన్నీ సవ్యంగా కనిపిస్తాయి. ఫైలు లోపలి సరుకు మాత్రం లేని చోటికి పోయి ఉంటుంది. సైజు 4 జీబీ అని చూపించే వీడియో తెరుచుకోదు. ఫోటో పైసగం వచ్చి కిందిసగం బూడిదరంగులో ఉండిపోతుంది.

మోసపు రకాలు

అసలు హద్దు దాటాక కంట్రోలర్ ఏం చేస్తుందన్న దాన్ని బట్టి రెండు ప్రధాన రకాలు ఉన్నాయి.

చుట్టు తిరిగే రకం: 8 జీబీ చిప్ ఉన్న డ్రైవ్‌లో తొమ్మిదో జీబీ వెళ్లి మొదటి జీబీ మీద పడుతుంది, పదోది రెండో దాని మీద పడుతుంది. మార్కాపురం పలక మీద పాత రాత తుడిచిన చోటే కొత్త రాత రాసినట్టు, వెనక వచ్చింది ముందున్నదాన్ని చెరిపేస్తుంది. మొదట్లో ఉన్న పట్టిక మీద కూడా రాత పడితే డ్రైవ్ ఒక్కసారిగా 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది.

జారవిడిచే రకం: హద్దు దాటి వచ్చినదంతా కంట్రోలర్ 'రాశాను' అని చెప్పి వదిలేస్తుంది. మళ్లీ చదవమంటే సున్నాలో, అర్థంలేని బైట్లో ఇస్తుంది. మొదట ఎక్కించినవి భద్రంగా ఉంటాయి, మిగిలినవి అసలే ఉండవు.

ఈ రెండూ కలిసిన మిశ్రమ రకం కూడా ఉంది. కొంత మేర చుట్టు తిరిగి, ఆపైన జారవిడుస్తుంది. ఎఫ్3 తన ఫలితాల్లో ఈ మూడింటినీ వేరువేరుగా చూపిస్తుంది.

తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. స్టూడియో వారు 40 జీబీ పెళ్లి వీడియోను ఒక్కొక్కటి 4 జీబీ చొప్పున పది ఫైళ్లుగా, 64 జీబీ ముద్ర ఉన్న 8 జీబీ డ్రైవ్‌లోకి వరుసగా ఎక్కించారనుకుందాం. జారవిడిచే రకమైతే మొదటి రెండు ఫైళ్లు మిగులుతాయి, అంటే పెళ్లికూతుర్ని చేయడం, ఎదుర్కోళ్లు. చుట్టు తిరిగే రకమైతే చివరి రెండు, అంటే అప్పగింతలు, చిప్‌లో ఉంటాయి. పట్టిక చెరిగితే అవి కూడా నేరుగా తెరుచుకోవు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు నడిమి ఫైళ్లలో ఉంటాయి కనుక రెండు రకాల్లోనూ పోయేవి అవే. పైగా చాలా కెమెరాలు ఎంపీ4 ఫైలుకు అవసరమైన సూచికను ఫైలు చివర రాస్తాయి. ఆ చివరి ముక్క హద్దు దాటిందంటే, ముందు భాగమంతా చెక్కుచెదరకుండా ఉన్నా వీడియో మొత్తం తెరుచుకోదు.

పశ్చిమ ప్రకాశంలో వాడకం

త్రిపురాంతకం, యర్రగొండపాలెం, మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతంలో, ఆంధ్రప్రదేశ్‌లోని మిగతా పల్లెపట్టుల్లో మాదిరే, పెన్‌డ్రైవ్‌కు ఇంకా గిరాకీ ఉంది. 2016 తర్వాత మొబైల్ డేటా చవకై పాటలు ఫోన్లలోకి మారాయి. అయినా ట్రాక్టరు, ఆటో, కారు స్టీరియోల్లోనూ, గుడి మైకుసెట్లలోనూ, బ్లూటూత్ స్పీకర్లలోనూ దాన్నే గుచ్చుతారు. పెళ్లి వీడియోలు ఒకప్పుడు డీవీడీల్లో ఇచ్చేవారు, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నారు. జిరాక్స్ షాపుకు ప్రింట్ కోసం తీసుకువెళ్లేదీ దాన్నే.

నష్టం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒక్కో పాట 5 ఎంబీ అనుకుంటే 600 పాటలకు పట్టేది 3 జీబీ. అంటే '64 జీబీ' నకిలీ డ్రైవ్ ట్రాక్టరు స్టీరియోలో ఏళ్ల తరబడి తప్పు పట్టడానికి వీల్లేకుండా పాడుతుంది. అదే డ్రైవ్ ఫోటో స్టూడియోకు వస్తే ఒక్క పూటలో బండారం బయటపడుతుంది. 'నేనూ అక్కడే కొన్నాను, నాది బాగానే ఉంది' అనే సాక్ష్యానికి అందుకే విలువ లేదు. అతని డ్రైవ్ హద్దు దాకా నిండి ఉండదు.

దుకాణదారును వెంటనే దోషిగా అనుకోవడం కూడా సరికాదు. చిన్న ఊళ్ల సెల్ పాయింట్ వారు హోల్‌సేల్‌లో కట్టగా వచ్చిన సరుకు అమ్ముతారు. తెరిచి పరీక్షించే తీరిక, కంప్యూటర్ వారికి ఉండకపోవచ్చు. తిరునాళ్ల దుకాణాల్లోనూ బస్టాండు బండ్ల మీదా కొన్న సరుకు విషయం వేరు. అమ్మినవారు మర్నాటికి ఆ ఊళ్లో ఉండరు.

గుర్తింపు: కంటికి కనిపించేవి

చూపుతో తేల్చేయలేం, అనుమానం మాత్రం పెట్టుకోవచ్చు. ధర అన్నిటికంటే పెద్ద సూచన. నాండ్ చిప్ ధర ప్రపంచమంతటా దాదాపు ఒకే తీరున నడుస్తుంది కాబట్టి, అదే సామర్థ్యం పేరున్న కంపెనీ అధికారిక దుకాణంలో పలికే ధరలో నాలుగో వంతుకో ఐదో వంతుకో ఎవరూ నిజాయితీగా ఇవ్వలేరు. పెద్ద సామర్థ్యాలు అసలే లేవని కాదు. కింగ్‌స్టన్ సంస్థ 2 టీబీ పెన్‌డ్రైవ్‌ను 2017లోనే ప్రకటించింది. అయితే దాని ధర మామూలు కొనుగోలుదారుకు అందేది కాదు. రోడ్డు పక్కన వందల రూపాయలకు దొరికే 2 టీబీని పరీక్షించక ముందే నకిలీగా లెక్కించవచ్చు.

ప్యాకెట్ మీద చట్టప్రకారం ఉండాల్సిన వివరాలు చూడాలి: దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, వినియోగదారుల ఫిర్యాదుకు ఫోన్ నంబరు. ఇవి లేని ప్యాకెట్ సందేహాస్పదం. ఉన్నంత మాత్రాన అసలుది అయిపోదు, ముద్రణకు పెద్ద ఖర్చు లేదు.

యూఎస్‌బీ 3.0 అని రాసి, మూతిలో నీలం ప్లాస్టిక్ ఉన్న డ్రైవ్‌ను వెలుతురులో పట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అసలైన 3.0 మూతిలో ముందు వరుసలో నాలుగు, వెనక ఐదు, మొత్తం తొమ్మిది లోహపు పట్టీలు ఉండాలి. నీలం రంగు ఉండి వెనక ఐదూ లేకపోతే అది 2.0 డ్రైవ్. వేగం విషయంలో అబద్ధమాడిన తయారీదారు సామర్థ్యం విషయంలో నిజం చెప్పి ఉంటాడని నమ్మడానికి ఆధారం లేదు.

గుర్తింపు: రాసి చదివే పరీక్ష

నిస్సందేహంగా తేల్చేది ఒక్కటే పద్ధతి. డ్రైవ్‌ను మొదటి నుంచి చివరి దాకా నింపి, నింపినదంతా తిరిగి చదివి పోల్చాలి. నింపే సమాచారం చోటుచోటుకూ వేరుగా ఉండటం ఇందులో కీలకం. విండోస్ పూర్తి ఫార్మాట్ ఈ పనికి చాలదు. విస్టా నుంచి అది డ్రైవంతా సున్నాలు రాస్తుంది, కానీ చుట్టు తిరిగే డ్రైవ్‌లో ఎక్కడ చదివినా సున్నాలే వస్తాయి కనుక మోసం కనబడదు. క్విక్ ఫార్మాట్ పట్టికను మాత్రమే తిరగరాస్తుంది.

విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఇప్పటికీ నమ్మకమైన సాధనం. పాతదైనా, ఇన్‌స్టాల్ చేయనక్కర లేకుండా నేరుగా తెరుచుకుంటుంది. ఖాళీ డ్రైవ్‌ను ఎంచుకుని, మొత్తం చోటును పరీక్షించమని చెప్పి, 'రైట్ ప్లస్ వెరిఫై' నొక్కితే, 1 జీబీ చొప్పున 'హెచ్2డబ్ల్యూ' ఫైళ్లు వరుసగా రాసి, తర్వాత వాటిని చదువుతుంది. బాగున్న డ్రైవ్‌కు తప్పులేమీ లేకుండా పరీక్ష ముగిసిందని చెబుతుంది. నకిలీదైతే ఎర్రటి గడిలో ఎన్ని జీబీ సరిగా ఉందో, ఎన్ని జీబీ 'డేటా లాస్ట్' అయిందో విడివిడిగా చూపుతుంది. 64 జీబీ డ్రైవ్‌కు 7.8 జీబీ సరి, మిగిలినదంతా పోయింది అని వస్తే లోపలిది 8 జీబీ చిప్ అన్నమాట.

దీనికి ఓపిక కావాలి. సెకనుకు 6 ఎంబీ రాసే చవక డ్రైవ్‌లో 64 జీబీ నింపడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. సెకనుకు 20 ఎంబీ చొప్పున చదవడానికి మరో గంట దాకా పడుతుంది. రాత్రి పెట్టి వదిలేయడం మేలు. రాయడం అయ్యాక డ్రైవ్‌ను ఒకసారి తీసి మళ్లీ గుచ్చి చదివిస్తే, కంప్యూటర్ తన తాత్కాలిక మెమరీలోని కాపీని చూసి సరేననే అవకాశం ఉండదు.

లినక్స్‌లో ఎఫ్3 ఇదే పని 'ఎఫ్3రైట్', 'ఎఫ్3రీడ్' అనే రెండు ఆదేశాలతో చేస్తుంది. 'ఎఫ్3ప్రోబ్' కొద్ది చోట్ల మాత్రమే రాసి నిమిషాల్లో అంచనా చెబుతుంది. 2023లో అమెరికా ప్రోగ్రామర్ స్టీవ్ గిబ్సన్ విండోస్ కోసం విడుదల చేసిన 'వ్యాలిడ్రైవ్' డ్రైవంతటా సమదూరంలో 576 చోట్ల రాసి చూసి, ముందున్న సమాచారాన్ని తిరిగి అక్కడే పెడుతుంది. ఈ వేగపు పరీక్షలు నకిలీని పట్టడానికి చాలావరకు సరిపోతాయి. చిప్‌లో అక్కడక్కడా ఉన్న చెడ్డ చోట్లు పట్టాలంటే మాత్రం పూర్తి పరీక్ష తప్పదు. ఏ పరీక్షకైనా ముందు డ్రైవ్‌లోని ఫైళ్లు వేరేచోట దాచుకోవాలి.

కంప్యూటర్ లేనివారు ఫోన్‌కు ఓటీజీ తీగతో డ్రైవ్ తగిలించి, పెద్ద వీడియోలు దాదాపు నిండేదాకా కాపీ చేసి, డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, మొదటివి, నడిమివి, చివరివి మూడు చోట్లా తెరిచి చూడవచ్చు. ఒకే వీడియోను పదేపదే పేరు మార్చి ఎక్కిస్తే ఈ పరీక్ష దారి తప్పవచ్చు, వేర్వేరు వీడియోలు వాడాలి.

నకిలీగా పొరబడే సందర్భాలు

ముద్రలో ఉన్నదానికంటే తెర మీద కొంచెం తక్కువ కనిపించడం మోసం కాదు. కంపెనీలు జీబీ అంటే 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తాయి, విండోస్ 107 కోట్లకు పైగా లెక్కిస్తుంది. అందుకే 16 జీబీ డ్రైవ్ 14.9గా, 32 జీబీది 29.8గా, 64 జీబీది 59.6గా, అంతకంటే ఇంకాస్త తక్కువగా కూడా కనబడుతుంది. నిజానికి ఈ తరుగు లేకుండా '2.00 టీబీ' అని నిండుగా చూపే డ్రైవ్‌నే అనుమానించాలి.

ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఒకే ఫైలు ఎక్కదు. చోటు ఉన్నా ఎక్కకపోవడానికి కారణం అదే, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే సరిపోతుంది. కాకపోతే పాత స్టీరియోలు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. లినక్స్ లేదా విండోస్ ఇన్‌స్టాలేషన్ కోసం వాడిన డ్రైవ్ ఒక్కోసారి చిన్న భాగాన్నే చూపుతుంది. పార్టిషన్లు తీసేసి కొత్తగా చేస్తే మొత్తం చోటు తిరిగి వస్తుంది. అసలు డ్రైవ్ పాతబడి చెడిపోతే తప్పులు అక్కడక్కడా చెదురుమదురుగా వస్తాయి. నకిలీలో ఒక హద్దు దాకా అంతా సవ్యంగా ఉండి, ఆపైన ఏదీ మిగలదు. పరీక్ష ఫలితంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బయటపడ్డాక

తేలిన వెంటనే డ్రైవ్‌లోకి రాయడం ఆపాలి. చుట్టు తిరిగే రకంలో చెరిగినవి ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌కూ దొరకవు. జారవిడిచే రకంలో హద్దు దాటినవి అసలు ఎప్పుడూ రాయబడనే లేదు. కెమెరా కార్డులోనో కంప్యూటర్‌లోనో అసలు ఫైలు ఉంటే అదొక్కటే ఆధారం. 'కట్' చేసి ఎక్కించినవారికి ఆ ఆధారం కూడా ఉండదు. కొత్త డ్రైవ్‌లోకి ఎప్పుడూ 'కాపీ' చేయాలి, తెరిచి చూసుకున్నాకే అసలు తీసేయాలి. పెళ్లి వీడియో ఇచ్చే స్టూడియోలు కనీసం కొన్ని నెలలు ఒక కాపీ తమ దగ్గర అట్టిపెట్టడం ఇందుకే అవసరం.

ఎఫ్3లోని 'ఎఫ్3ఫిక్స్'తో నిజమైన హద్దు దాకా మాత్రమే పార్టిషన్ చేస్తే 8 జీబీ డ్రైవ్‌ను 8 జీబీగా వాడుకోవచ్చు. కానీ నకిలీల్లో వాడేవి తరచు కంపెనీలు నాణ్యత పరీక్షలో పక్కన పెట్టిన చిప్‌లు. పాటలకు పనికొస్తాయేమో గానీ, మళ్లీ దొరకనివి వాటిలో పెట్టకూడదు.

చట్టం, పరిహారం

మామూలుగా ముందు అమ్మినవారిని అడగాలి, బిల్లు, పరీక్ష ఫలితపు ఫోటో చూపాలి. పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, కొన్న చోట మాత్రమే కాక తాము నివసించే జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొన్నవారికి ఇది పెద్ద వెసులుబాటు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో దాఖలు చేసే వీలుంది, న్యాయవాది తప్పనిసరి కాదు.

కంపెనీ పేరు దొంగిలించిన సరుకు తయారీకి, అమ్మకానికి ట్రేడ్ మార్కుల చట్టం, 1999లోని 103, 104 సెక్షన్లు వర్తిస్తాయి. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. తెలిసి మోసగించి అమ్మితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద వంచన నేరం అవుతుంది. పేరూ ఊరూ లేని '2 టీబీ' డ్రైవ్ మీద దొంగిలించిన ట్రేడ్ మార్కు ఉండదు. దాని విషయంలో తప్పుడు ప్రకటన, లోపభూయిష్టమైన సరుకు అనే ఆధారాలతో వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు.